నింపాది బండి, పందెం బండి

కోదాడ నుంచి హుజూర్‌నగర్ మీదుగా మిర్యాలగూడ పోయే 167వ నంబరు జాతీయ రహదారి మీద, సిమెంటు లారీల మధ్య నింపాదిగా సాగే మీటియర్ 350 మోటారు బండిని మీరు చూసే ఉంటారు. సీటు పల్లం, హ్యాండిల్ ఎత్తు, కాళ్లు కాస్త ముందుకు. క్రూయిజర్ అంటే అదే. బరువు 191 కిలోలు. ఇంజను నిమిషానికి 4000 చుట్ల దగ్గరే పూర్తి లాగుడు ఇస్తుంది. మాటిమాటికీ గేరు మార్చే పని తక్కువ.

పందెం బండి లెక్క వేరు. మోటోజీపీ పోటీల్లో దిగే 1000 సీసీ బండికి కనీస బరువు 157 కిలోలే. 2023లో ఇటలీలోని ముజెల్లోలో బ్రాడ్ బైండర్ అనే రైడర్ గంటకు 366 కిలోమీటర్ల వేగం అందుకున్నాడు. ఆ ఏడాది సెప్టెంబరులోనే మోటోజీపీ పోటీ మన దేశానికీ వచ్చింది, గ్రేటర్ నోయిడాలో. మార్కో బెజెకీ గెలిచాడు.

అమెరికా వాళ్లు మాత్రం క్రూయిజర్లనే పందేనికి దింపారు! 2020లో లగూనా సెకా ట్రాక్‌లో ‘కింగ్ ఆఫ్ ది బ్యాగర్స్’ పందెం మొదలైంది. పక్క పెట్టెలతో సహా రెండున్నర క్వింటాళ్లు దాటే హార్లే, ఇండియన్ అనే కంపెనీల బండ్లు ఇందులో పరుగెడతాయి. మలుపులో నేలకు రాసుకోకుండా వాటి ఎత్తు పెంచుతారు. తొలి పందెం ఇండియన్ బండి మీద టైలర్ ఒహారాది. నాకైతే మోటోజీపీ కన్నా ఇదే చూడముచ్చట.

ఇక మనకు అందుబాటులో ఉన్న ఒక పందెం ట్రాక్ చెన్నై పక్కన ఇరుంగాట్టుకోట్టైలో ఉంది. మీటియర్ తయారయ్యేదీ ఆ చుట్టుపక్కలే.