రైన్ నుంచి మిసౌరీ దాకా: మాక్సిమిలియన్ వీడ్ జీవితం, పరిశోధన

మాక్సిమిలియన్ వీడ్ 1782 సెప్టెంబరు 23న జర్మనీలో, రైన్ నది ఒడ్డునున్న నోయ్‌వీడ్ పట్టణంలో పుట్టాడు. వీడ్ వంశానిది చిన్న సంస్థానం. పదిమంది సంతానంలో ఎనిమిదోవాడు కావడంతో గద్దె మీద అతనికి మొదటినుంచీ ఆశ లేదు. 1806లో సంస్థానమే స్వతంత్రతను పోగొట్టుకుంది. రాకుమారుడన్న బిరుదు, బతకడానికి చాలినంత ఆస్తి మాత్రం మిగిలాయి. పాలించవలసిన రాజ్యం లేని ఇలాంటి రాచబిడ్డలు ఆనాటి జర్మనీలో చాలామందే ఉండేవారు. ఎక్కువమంది సైన్యంలో చేరేవారు. మాక్సిమిలియన్ కూడా అదే దారి పట్టి 1800లో ప్రష్యా సైన్యంలో చేరాడు. అయితే చిన్నప్పటినుంచీ అతని మనసు వేట మీద, పక్షుల మీద, అడవుల మీద ఉండేది. అతనికి చదువు చెప్పిన హోఫ్‌మన్ అనే సైనికాధికారి నోయ్‌వీడ్ చుట్టుపక్కల రోమన్ల కాలపు శిథిలాలను తవ్వి వెలికితీసినవాడు.

1806లో యేనా దగ్గర నెపోలియన్ చేతిలో ప్రష్యా చిత్తుగా ఓడిపోయింది. ఆ యుద్ధం తర్వాత మాక్సిమిలియన్ ఫ్రెంచివారికి బందీగా చిక్కాడు. విడుదలై ఇంటికి చేరాక గోటింగెన్ విశ్వవిద్యాలయానికి వెళ్లి యోహాన్ ఫ్రీడ్రిష్ బ్లూమెన్‌బాక్ దగ్గర శిష్యరికం చేశాడు. ఈ గురువు ప్రభావం అతని జీవితమంతా కనిపిస్తుంది. మనుషుల్లో అయిదు రకాలున్నాయని వర్గీకరించినవాడు బ్లూమెన్‌బాకే. అయినా అవన్నీ ఒకే జాతి, వాటి మధ్య తేడాలు ఒకదానిలోకి ఒకటి కలిసిపోతాయి, బుద్ధిలో ఎవరూ పుట్టుకతో తక్కువవారు కారు అని గట్టిగా వాదించినవాడూ ఆయనే. అదే సమయంలో దేశదేశాల నుంచి మనుషుల పుర్రెలు తెప్పించి వరసలుగా పేర్చినవాడూ ఆయనే. ఈ రెండూ శిష్యుడికి సంక్రమించాయి: ఏ తెగ మనిషినైనా మనిషిగా చూసే చూపు, ఆ మనిషి పుర్రె కోసం చెయ్యి చాచే అలవాటు. ఈ రెంటినీ కలిపి చూడకపోతే మాక్సిమిలియన్ అర్థం కాడు.

1813లో మళ్లీ కత్తి పట్టాడు. మేజరు హోదాకు చేరి, 1814 మార్చిలో పారిస్‌లోకి అడుగుపెట్టిన సేనల్లో ఉన్నాడు. యుద్ధం ముగియగానే, ఎన్నాళ్లుగానో మనసులో పెట్టుకున్న బ్రెజిల్ ప్రయాణానికి సిద్ధమయ్యాడు. 1808లో పోర్చుగల్ రాజకుటుంబం నెపోలియన్‌కు భయపడి రియో డి జనేరోకు తరలిపోయాకే ఆ దేశపు తలుపులు పరాయివారికి తెరుచుకున్నాయి. 1815 జులైలో మాక్సిమిలియన్ రియోలో దిగాడు. బిరుదును పక్కనపెట్టి మాక్స్ ఫాన్ బ్రౌన్స్‌బెర్గ్ అనే పేరుతో తిరిగాడు. ఫ్రైరైస్, సెల్లో అనే ఇద్దరు జర్మన్ ప్రకృతి శాస్త్రజ్ఞులు కొంతకాలం తోడుగా నడిచారు. రియో నుంచి ఉత్తరంగా తీరం వెంబడి, మధ్యమధ్య నదుల వెంట లోపలి అడవుల్లోకి వెళ్లి వస్తూ, సుమారు రెండేళ్లలో బహియా చేరాడు. అట్లాంటిక్ తీరపు ఆ అడవుల్లో అతను చూసి వర్ణించిన జంతువుల్లో బంగారు రంగు జూలున్న చిన్న కోతి ఒకటి. మచ్చలతో ఉండే ఒక చిన్న అడవిపిల్లికి తర్వాతి శాస్త్రజ్ఞులు అతని పేరే పెట్టారు.

ఆ ప్రయాణంలో జంతువుల కన్నా ఎక్కువగా అతన్ని పట్టి నిలిపినవారు బొటొకూడో జనం. కింది పెదవికీ చెవితమ్మెలకూ గుండ్రటి చెక్కబిళ్లలు పెట్టుకునే ఈ తెగ మీద 1808లో పోర్చుగీసు ప్రభుత్వం యుద్ధం ప్రకటించింది. నరమాంసం తినే మృగాలని వారికి పేరు పెట్టి ఊళ్లకు ఊళ్లు తుడిచేస్తున్న రోజులవి. మాక్సిమిలియన్ వాళ్ల మధ్యకు వెళ్లి చెక్కబిళ్లలు ఎలా చేస్తారు, విల్లు ఎంత పొడుగు, నిప్పు ఎలా రాజేస్తారు, దేనికి ఏడుస్తారు, దేనికి నవ్వుతారు అన్నవి వరసగా రాసుకున్నాడు. వాళ్ల భాష మాటలు సేకరించాడు. నరమాంస భక్షణ సంగతి దాచలేదు. అయితే వలసవచ్చినవారు చేస్తున్న హత్యలనూ దాచలేదు. ఆ కాలపు యూరోపియన్ యాత్రికుల్లో ఇంత నిదానం అరుదు.

అయితే ఈ కథలో క్వెక్ అనే మనిషి ఉన్నాడు. బొటొకూడో తెగకు చెందిన ఈ యువకుణ్ణి మాక్సిమిలియన్ 1817లో తనతో జర్మనీకి తెచ్చుకున్నాడు. నోయ్‌వీడ్ కోటలో సేవకుడిగా, భాష చెప్పే సహాయకుడిగా, వచ్చినవారందరికీ వింతగా క్వెక్ పదిహేడేళ్లు బతికాడు. 1828లో యోహాన్ హైన్రిష్ రిక్టర్ గీసిన చిత్రంలో వేటదుస్తుల్లో రాకుమారుడు, అతని పక్కన క్వెక్ కనిపిస్తారు. చలి, ఒంటరితనం, తాగుడు కలిసి అతన్ని కుంగదీశాయి. 1834లో కిటికీలోంచి పడి చనిపోయాడు. అతని పుర్రె బాన్ విశ్వవిద్యాలయపు శరీరశాస్త్ర సేకరణకు చేరింది. అది తిరిగి బ్రెజిల్‌కు, తన వాళ్ల దగ్గరికి వెళ్లింది 2011లో. మాక్సిమిలియన్ మంచితనాన్ని లెక్కించేటప్పుడు ఈ మనిషిని లెక్కలోంచి తీసెయ్యడం న్యాయం కాదు.

బ్రెజిల్ యాత్రాగ్రంథం 1820–21లో వెలువడి త్వరలోనే ఇతర భాషల్లోకి వెళ్లింది. ఆ పుస్తకంలోని బొమ్మలు అతను స్వయంగా గీసినవి. అంత నేర్పు లేని గీతలు కావడంతో తమ్ముడు కార్ల్, అక్క లూయిజా వాటిని దిద్ది అచ్చుకు పంపారు. దిద్దడంలో మనుషుల ముఖాలు యూరపు శిల్పాల పోలికలు తెచ్చుకున్నాయి. ఈ లోపం అతనికి బాధ కలిగించింది. ఇంకోసారి వెళితే చేయి తిరిగిన చిత్రకారుణ్ణి వెంట తీసుకుపోవాలని నిశ్చయించుకున్నాడు. ఆ నిశ్చయమే తర్వాత అతని పేరును నిలబెట్టింది.

ఈసారి గమ్యం ఉత్తర అమెరికా. చిత్రకారుడూ దొరికాడు. జ్యూరిక్ దగ్గర పుట్టిన కార్ల్ బోడ్మర్‌కు అప్పటికి 23 ఏళ్లు. బోడ్మర్, వేటగాడు డ్రైడోపెల్ వెంట రాగా మాక్సిమిలియన్ 1832 జులై 4న బాస్టన్‌లో దిగాడు. ఆ శీతకాలం జబ్బుపడి ఇండియానా రాష్ట్రంలోని న్యూ హార్మొనీలో ఆగిపోవలసి వచ్చింది. అక్కడే ఉంటున్న థామస్ సే, లెసూయర్ అనే ప్రకృతి శాస్త్రజ్ఞుల పుస్తకాలు, సంభాషణ అతనికి కలిసివచ్చాయి. 1833 ఏప్రిల్ 10న సెయింట్ లూయిస్‌లో, బొచ్చుతోళ్ల వ్యాపార కంపెనీకి చెందిన యెల్లో స్టోన్ అనే పొగపడవ ఎక్కి మిసౌరీ నదిలో ఎగువకు బయల్దేరాడు. ముందు పొగపడవల మీద, ఆ తర్వాత తాళ్లతో లాగే పడవ మీద సాగి ఆగస్టులో మెకెంజీ కోట చేరాడు. నేటి మోంటానాలోని ఈ కోట బ్లాక్‌ఫుట్ తెగలతో బీవర్ తోళ్ల వ్యాపారానికి కట్టుకున్నది.

ఆగస్టు 28 తెల్లవారుజామున కోట గోడ బయట గుడారాల్లో నిద్రిస్తున్న బ్లాక్‌ఫుట్ కుటుంబాల మీద అసినిబోయిన్, క్రీ యోధులు వందల సంఖ్యలో విరుచుకుపడ్డారు. కోటలోనివారంతా గోడలెక్కి తుపాకులు పేల్చారు. యాభయ్యేళ్ల మేజరు కూడా తుపాకి పట్టాడు. దాడి చల్లారాక, గోడ దగ్గర పడివున్న ఒక అసినిబోయిన్ శవం పుర్రె తీసుకోవాలని అతను అనుకున్నాడు. అంతలో బ్లాక్‌ఫుట్ ఆడవాళ్లూ పిల్లలూ తమవాళ్ల చావుకు పగతో ఆ తలను చితకగొట్టేశారు. ఈ సంగతిని అతనే తన పుస్తకంలో దాచకుండా రాశాడు. గోటింగెన్ అలవాటు రక్తం మడుగులోనూ అతన్ని వదల్లేదు.

పర్వతాల్లోకి పోవాలన్న ఆలోచన మానుకుని నది దిగువకు వచ్చి, 1833 నవంబరు నుంచి 1834 ఏప్రిల్ దాకా నేటి నార్త్ డకోటాలోని క్లార్క్ కోటలో చలికాలం గడిపాడు. పక్కనే మాండన్ తెగ ఊరు ఉంది. మట్టి కప్పిన గుండ్రటి ఇళ్లలో నివసిస్తూ మొక్కజొన్న, చిక్కుడు, గుమ్మడి పండించుకునే స్థిరవ్యవసాయ జనం మాండన్‌లు. అతని పరిశోధనలో అత్యుత్తమమైనది ఈ అయిదు నెలల పనే. మాక్సిమిలియన్ బృందం బస చేసిన గది పచ్చి కలపతో హడావుడిగా కట్టింది. సందుల్లోంచి గాలి దూసుకొచ్చేది, సిరా గడ్డకట్టేది, బోడ్మర్ రంగులను వేడినీళ్లతో కరిగించుకోవలసి వచ్చేది. ఆ గదికి సాయంత్రాలు మాండన్ పెద్దలు వచ్చి కూర్చునేవారు. డిపౌఖ్ అనే వృద్ధుడు సృష్టికథలు చెబుతుంటే, మాండన్ స్త్రీని పెళ్లాడి ఆ భాష నేర్చిన కిప్ అనే వ్యాపారి అనువదించేవాడు, రాకుమారుడు రాసుకునేవాడు. పదాల పట్టికతో ఆగకుండా క్రియారూపాలు, ఉచ్చారణ కూడా పట్టుకోవడానికి ప్రయత్నించాడు.

మాటో-టోపే అనే మాండన్ నాయకుడు ఆ గదికి తరచుగా వచ్చేవాడు. బోడ్మర్ అతన్ని రెండుసార్లు చిత్రించాడు. ఒకదానిలో ఉత్సవ దుస్తులు. రెండోదానిలో ఒంటి మీద రంగులు. ఆ రెండో చిత్రాన్ని మాక్సిమిలియన్ రాతతో కలిపి చూడాలి. ఛాతీ మీద పసుపురంగు అరచెయ్యి ఉంటే బందీలను పట్టాడని అర్థం. జుట్టులో గుచ్చిన రంగు పుల్లలు తగిలిన తుపాకి గాయాలకు గుర్తు. ఎర్రరంగు పూసిన చెక్క కత్తి, అతను ఒక షయెన్ నాయకుణ్ణి అతని కత్తితోనే చంపిన పోరాటానికి గుర్తు. ఒంటి మీది ఒక్కొక్క గుర్తుకూ అర్థం అడిగి తెలుసుకుని రాసిపెట్టడంలోనే ఈ పరిశోధకుడి విలువ ఉంది. అంతకుముందు ఏడాదే ఇక్కడికి వచ్చిన అమెరికన్ చిత్రకారుడు జార్జ్ కాట్లిన్ కూడా మాటో-టోపేను చిత్రించాడు. అయితే అతనిది వేగం, వీరిది ఓపిక. బోడ్మర్ ఇచ్చిన కాగితాల మీద, రంగులతో మాటో-టోపే స్వయంగా తన పోరాటాలను గీశాడు. ఆ బొమ్మలు నేటికీ ఉన్నాయి.

చలికాలం చివర్లో తాజా ఆహారం లేక మాక్సిమిలియన్‌కు స్కర్వీ పట్టుకుంది. కాళ్లు వాచి మంచాన పడ్డాడు. బతకడని కోటలోనివారు అనుకున్నారు. మంచు కరగగానే మొలిచే అడవి ఉల్లి తినిపించమని కోట వంటవాడు సలహా చెప్పాడు. ఊరి పిల్లలు తవ్వి తెచ్చిన ఉల్లిగడ్డలు తిన్న కొద్ది రోజుల్లోనే వాపు తీసింది. 1834 ఏప్రిల్ 18న ప్రాణాలతో ఉన్న రెండు ఎలుగుబంట్లతో సహా పడవెక్కి తిరుగుప్రయాణమయ్యాడు. వెనక పంపమని వదిలివచ్చిన జంతు, వృక్ష నమూనాల్లో ఎక్కువ భాగం, 1835లో అసినిబోయిన్ అనే పొగపడవ తగలబడినప్పుడు బూడిదైంది. నోటుబుక్కులు, బోడ్మర్ చిత్రాలు అతని వెంటే ఉండబట్టి మిగిలాయి.

1837 జూన్‌లో సెయింట్ పీటర్స్ అనే పొగపడవ మిసౌరీ మీదుగా మశూచిని మోసుకొచ్చింది. సుమారు 1,600 మంది ఉండిన మాండన్‌లలో బతికి బయటపడినవారు 150కి లోపే. మాటో-టోపే జులై 30న చనిపోయాడు. 81 చిత్రఫలకాలతో మాక్సిమిలియన్ ఉత్తర అమెరికా యాత్రాగ్రంథం 1839–41లో వెలువడే నాటికి, అందులో వర్ణించిన ఊరు ఆ రూపంలో లేదు. రచయితకు ఈ సంగతి తెలుసు. ఆ మహమ్మారి వార్తను తన పుస్తకంలో చేర్చాడు కూడా.

తర్వాతి పాతికేళ్లు నోయ్‌వీడ్‌లోనే తన సేకరణలతో గడిపాడు. పెళ్లి చేసుకోలేదు. అమెరికాలో చూసిన పక్షులు, సరీసృపాల మీద వ్యాసాలు రాశాడు. పైన్ అడవుల్లో గుంపులుగా తిరిగే నీలిరంగు పిన్యన్ జే పక్షిని శాస్త్రలోకానికి 1841లో పరిచయం చేసింది అతనే. మాండన్‌ల ఒకీపా అనే కఠోర వ్రతం గురించి కాట్లిన్ రాసినదంతా కట్టుకథ అని అమెరికాలో కొందరు కొట్టిపారేసినప్పుడు, మాక్సిమిలియన్ 1866లో అతన్ని సమర్థిస్తూ లేఖ రాశాడు. ఆ వ్రతాన్ని తాను కళ్లారా చూడకపోయినా, ఆ చలికాలంలో మాండన్‌ల నోటనే విని రాసుకున్న వివరాలు అతని దగ్గర ఉన్నాయి. 1867 ఫిబ్రవరి 3న నోయ్‌వీడ్‌లో కన్నుమూశాడు.

అతని జంతుసేకరణను న్యూయార్క్‌లో కొత్తగా ఏర్పడిన అమెరికన్ ప్రకృతి చరిత్ర మ్యూజియం 1870లో కొన్నది. అందులో కూర్చి నిలబెట్టిన పక్షులే దాదాపు 4,000. బోడ్మర్ అసలు చిత్రాలు, చేతిరాత దినచర్యలు రెండో ప్రపంచయుద్ధం తర్వాత నోయ్‌వీడ్ కోటలో బయటపడ్డాయి. 1962లో అమెరికాకు చేరి, ఇప్పుడు ఒమాహాలోని జోస్లిన్ ఆర్ట్ మ్యూజియంలో ఉన్నాయి. ఉత్తర అమెరికా దినచర్యలు 2008–2012 మధ్య మూడు సంపుటాలుగా ఇంగ్లీషులో అచ్చయ్యాయి. మాండన్ వారసులు నేడు హిదాత్స, అరికారా తెగలతో కలిసి నార్త్ డకోటాలోని ఫోర్ట్ బెర్తోల్డ్ రిజర్వేషన్‌లో ఉంటున్నారు. పుట్టినప్పటినుంచి మాండన్ మాట్లాడుతూ పెరిగిన చివరి మనిషి 2016లో మరణించాడు. ఆ భాష మీద ఎవరు పనిచేయాలన్నా తొలి విస్తృత ఆధారాల్లో ఒకటిగా 1833–34 చలికాలపు ఆ పదపట్టికనూ వ్యాకరణ వివరాలనూ చూడవలసిందే.