ప్రజాభిప్రాయ సేకరణలో మన పేట ఎక్కడ?

(ఢిల్లీలో తెలుగు విద్యార్థుల అధ్యయన బృందం సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



కెనడాలో ఆయిల్ శాండ్స్ విస్తరణకు వ్యతిరేకంగా జరుగుతున్న పోరాటం గురించి మాట్లాడమని నన్ను పిలిచారు. తప్పకుండా అక్కడికి వస్తాను. కానీ కోనసీమ నుంచి మొదలుపెట్టనివ్వండి. నా పరిశోధన అక్కడే.

1995 జనవరి 8న పాశర్లపూడి దగ్గర ఓఎన్జీసీ బావి తవ్వుతుండగా బ్లోఅవుట్ అయింది. ఆ మంట ఆర్పడానికి 65 రోజులు పట్టింది. 2014 జూన్ 27 తెల్లవారుజామున నగరంలో గెయిల్ పైపులైను పేలింది. నగరమంటే సిటీ అనుకునేరు, మామిడికుదురు మండలంలో ఒక ఊరి పేరు అది. 20 మందికి పైగా చనిపోయారు. ఇళ్ళు, కొబ్బరిచెట్లు నిలువునా కాలిపోయాయి. పొడి గ్యాస్ కోసం వేసిన గొట్టంలో నీళ్ళూ, కండెన్సేటూ కలిసిన తడి గ్యాస్ పంపారని, దాంతో గొట్టం తుప్పు పట్టిందని విచారణలో తేలింది. గ్యాస్ వాసన వస్తోందని ఊరివాళ్ళు అంతకుముందే ఫిర్యాదు చేశారని పత్రికలు రాశాయి.

ఊరివాళ్ళు చెప్పారు, ఎవరూ వినలేదు. ఈరోజు నేను మాట్లాడదలచుకున్నది ఈ వినడం గురించే.

పర్యావరణం అనగానే మన సభల్లో కొందరికి విసుగు వస్తుంది. అది నాకూ ఉండేది. ఏటా నవంబర్‌లో పొగ కమ్మగానే ఢిల్లీ పెద్దలకు పర్యావరణం గుర్తొస్తుంది. ఇంట్లో ఎయిర్ ప్యూరిఫయర్ పెట్టుకుని పంజాబ్ రైతును తిడతారు. మ్యాన్‌హోల్‌లో దిగి ఊపిరాడక చనిపోయే మనిషి పీల్చిన గాలి వాళ్ళ లెక్కలోకి రాదు. పైగా బాబాసాహెబ్ పరిశ్రమలు కావాలన్నవాడు. 1942 నుంచి 46 దాకా వైస్రాయ్ కౌన్సిల్‌లో లేబర్ మెంబర్‌గా దామోదర్ వ్యాలీ ప్రాజెక్టుకు, విద్యుత్ విధానానికి పునాది వేసినవాడు. మరి మనం గ్యాస్ బావులను వ్యతిరేకించడమేమిటని అడిగేవాళ్ళున్నారు.

న్యాయమైన ప్రశ్నే. అయితే 1944లో బొగ్గుగని కార్మికుల సంక్షేమ నిధి ఆర్డినెన్స్ వచ్చింది కూడా ఆయన హయాంలోనే. బొగ్గు తవ్వాలన్నాడు, తవ్వే మనిషికి దక్కాల్సింది దక్కాలనీ అన్నాడు. 1927లో మహద్ చెరువు దగ్గర జరిగిన పోరాటం కూడా ఊరి నీళ్ళు ఎవరివి అన్న ప్రశ్న మీదే. మన తొలి పర్యావరణ పోరాటం అదేనని నేనంటాను, మీరు ఒప్పుకోకపోయినా.

ఇక కాగితాల సంగతి. 2006 సెప్టెంబర్ 14 నాటి ఈఐఏ నోటిఫికేషన్ ప్రకారం పబ్లిక్ హియరింగ్‌కు 30 రోజుల ముందు నోటీసివ్వాలి. కలెక్టరో, ఆయన తరఫు అధికారో అధ్యక్షత వహించాలి. హాజరుకు కోరం అక్కర్లేదు, అంటే పదిమంది వచ్చినా హియరింగ్ జరిగినట్టే. స్థానిక భాషలో ఇవ్వాల్సింది సారాంశం మాత్రమే. వందల పేజీల అసలు నివేదిక ఇంగ్లీషులో ఉంటుంది.

ఫీల్డ్‌వర్క్‌లో ఇలాంటి ఒక హియరింగ్‌కు వెళ్ళాను. ఏ ప్రాజెక్టుదో చెప్పను. షామియానా కింద ముందు వరుసల్లో భూములున్నవాళ్ళు, నాయకులు. పేట నుంచి వచ్చినవాళ్ళు వెనక, పోలీసుల పక్కన నిలబడ్డారు. కొబ్బరికాయలు ఒలిచే కూలికి వెళ్ళే ఒకావిడ మైకు అడిగి తీసుకుంది. మాకు సెంటు భూమి లేదు, పైపు మాత్రం మా ఇళ్ళ పక్కనుంచే పోతుంది, రాత్రి లీకైతే మమ్మల్ని ఎవరు లేపుతారు అని అడిగింది. తర్వాత మినిట్స్ చూశాను. స్థానికులు ఉపాధి కోరారు అని ఒక్క ముక్క ఉంది. ఆవిడ ఉపాధి అడగలేదు.

ఇందులో ఎవరో గుమాస్తా పొరపాటు కంటే చట్టం అమరిక ఎక్కువగా ఉంది. పైపులైన్లకు 1962 నాటి చట్టం వర్తిస్తుంది. భూమిని పూర్తిగా తీసుకోరు, వాడుకునే హక్కు మాత్రం తీసుకుంటారు. అందుకు మార్కెట్ విలువలో 10 శాతం పరిహారం. ఆ మేర ఇల్లు కట్టకూడదు, బావి తవ్వకూడదు, చెట్టు నాటకూడదు. కోనసీమలో చెట్టు నాటకూడదంటే ఏమిటో మీకు చెప్పక్కర్లేదు! అభ్యంతరాలకు 21 రోజుల గడువు, అదీ ఆ భూమిలో హక్కున్నవాళ్ళకు. కౌలుదారు తన హక్కు చూపించాలంటే కౌలు కార్డు కావాలి. 2019 చట్టం ప్రకారం యజమాని సంతకం లేకుండా ఆ కార్డు రాదు. దింపు కూలీకి, ఒలుపు కూలీకి, కాలువ గట్టు మీద గుడిసె వేసుకున్నవాళ్ళకు అదీ లేదు. ప్రమాదం వాళ్ళను గుర్తుపడుతుంది, గెజిట్ గుర్తుపట్టదు.

అందుకే స్థానిక ప్రజల వ్యతిరేకత అన్నప్పుడల్లా నేను ఒక క్షణం ఆగుతాను. జిల్లాకు బాబాసాహెబ్ పేరు పెట్టొద్దని 2022 మే 24న అమలాపురంలో మంత్రి ఇంటికి నిప్పు పెట్టిన చోట స్థానికులంతా ఒకటే అని ఎలా అనుకుంటాం? నేను చూసినంతలో, పట్టాదారులు నడిపే ఆందోళన పరిహారం పెరగగానే చల్లారుతుంది. పేట భయానికి మాత్రం రేటు కట్టినవాళ్ళు లేరు.

ఈ అరకొర హియరింగ్‌ను కూడా చాలావరకు తీసేశారు. 2020 జనవరి 16న కేంద్ర పర్యావరణ శాఖ సవరణ తెచ్చి చమురు, గ్యాస్ అన్వేషణను బీ2 కేటగిరీలోకి మార్చింది. బీ2 అంటే ఈఐఏ నివేదిక అక్కర్లేదు, ప్రజాభిప్రాయం అక్కర్లేదు. ఉత్పత్తి దశకు వచ్చాక అడుగుతారట. అన్వేషణ అంటే మ్యాపులు చూడటం కాదు, రిగ్గు పెట్టి బావి తవ్వడం కూడా అందులో భాగమే. పాశర్లపూడిలో మంట లేచింది తవ్వుతుండగానే. ఆ సవరణ వచ్చినప్పుడు కావేరీ డెల్టా రైతులు రోడ్డెక్కారు. ఫిబ్రవరిలోనే తమిళనాడు అసెంబ్లీ డెల్టాను రక్షిత వ్యవసాయ మండలంగా చేస్తూ చట్టం చేసింది. గోదావరి డెల్టాకు అలాంటి చట్టం లేదు.

అదే ఏడాది మార్చిలో కొత్త ఈఐఏ ముసాయిదా వచ్చింది, హిందీ, ఇంగ్లీషుల్లో. జూన్ 30న ఢిల్లీ హైకోర్టు దాన్ని ఎనిమిదో షెడ్యూల్‌లోని 22 భాషల్లోకి అనువదించమంది. కేంద్రం దాని మీద సుప్రీంకోర్టుకు వెళ్ళింది. తెలుగులో చదివే హక్కు మీద అభ్యంతరం చెప్పడానికి సుప్రీంకోర్టు దాకా!

ఇప్పుడు కెనడా. ఆల్బర్టాలో కెర్ల్ అనే ఆయిల్ శాండ్స్ ప్రాజెక్టు వ్యర్థాల చెరువు నుంచి మురుగు ఊరుతోందని ఇంపీరియల్ ఆయిల్ కంపెనీకి 2022 మేలోనే తెలుసు. 2023 ఫిబ్రవరిలో మరో 53 లక్షల లీటర్లు పొంగేదాకా, కింద ఉన్న మికిసూ క్రీ, అథబాస్కా చిపెవాయన్ ప్రజలకు అసలు సంగతి సరిగా చెప్పలేదు. ఆ తొమ్మిది నెలలూ వాళ్ళు చేపలు పడుతూనే ఉన్నారు, వేటాడుతూనే ఉన్నారు. అంతటి సంపన్న దేశంలోనూ చివరగా తెలిసింది మూలవాసులకే. అయితే అక్కడొక ఆయుధం ఉంది. మూలవాసులను సంప్రదించడం ప్రభుత్వ రాజ్యాంగ బాధ్యత. సరిగ్గా సంప్రదించలేదని 2018 ఆగస్టు 30న ఫెడరల్ అప్పీల్ కోర్టు ఆయిల్ శాండ్స్ చమురు మోసే ట్రాన్స్ మౌంటెన్ పైపులైను విస్తరణ అనుమతిని కొట్టేసింది. మరుసటి ఏడాది ప్రభుత్వం మళ్ళీ అనుమతి ఇచ్చుకుంది, నిజమే. అయినా ఆ కొన్ని నెలలు ప్రాజెక్టు ఆగింది. మన పేటలకు ఒక్క రోజు ఆపే హక్కు కూడా లేదు.

నా డిమాండ్ చిన్నది. అన్వేషణ దశలో హియరింగ్ తిరిగి రావాలి. ప్రభావితులంటే పట్టా ఉన్నవాళ్ళే కాక, ఆ చుట్టుపక్కల నివసించేవాళ్ళందరూ అని రాయాలి. పూర్తి నివేదిక తెలుగులో రావాలి. అంతవరకు కొత్త బావి వద్దు.

మీరేం చేయగలరని అడుగుతారు. మన విశ్వవిద్యాలయ స్టేషన్‌లో పసుపు లైను ఎక్కితే మారకుండా జోర్ బాగ్‌లో దిగొచ్చు. పర్యావరణ శాఖ ఆఫీసు అక్కడే. ఊళ్ళో ఆవిడకు అది రెండు రోజుల రైలు ప్రయాణం, మనకు ఒక మెట్రో టికెట్. నా దగ్గర కోనసీమ ప్రాజెక్టుల నివేదికలు కొన్ని ఉన్నాయి, ఇంగ్లీషులో. ఒక్కొక్కరు ఇరవై పేజీల చొప్పున పంచుకుంటే వేసవి సెలవులకు ఇళ్ళకు వెళ్ళేలోపు తెలుగు చేయొచ్చు. పేర్లు రాసుకోవడానికి ఆ చివరి కుర్చీ మీద నోట్‌బుక్ పెట్టాను.