కోనసీమ రైలుమార్గము - రెండు ఖజానాల నడుమ

(అమలాపురమునందొక పఠనమందిరమున గావించిన యుపన్యాసము)



2022వ సంవత్సరమున మనకు ప్రత్యేకముగా జిల్లా యేర్పడినది. కలెక్టరు కచేరి వచ్చినది. ఈ యమలాపురము జిల్లాకు ముఖ్యపట్టణమైనది. కాని రైలెక్కవలసినవాడు నేటికిని రాజమహేంద్రవరమునకో, కాకినాడకో, పాలకొల్లునకో బస్సులో పోవలసినదే. ఇది మీకు దెలియని సంగతి కాదు. దానిని మరల చెప్పుటకు నేను రాలేదు. మంజూరైనది, మంజూరైనది యని యిరువదియైదేండ్లుగా మనము వినుచున్న కోటిపల్లి - నర్సాపురము మార్గము ఏల పూర్తికాలేదు, దానికి సొమ్మెవరియ్యవలెను, ఎవరీయలేదు అనునదే నేటి ప్రస్తావము. నేను ఇంజనీరును గాను. న్యాయవాదిని. కాగితములు చదువుట నా వృత్తి. కావున కాగితములు చెప్పునదే చెప్పెదను.

ముందుగా కొంచెము పూర్వకథ. కాకినాడనుండి రామచంద్రపురము, ద్రాక్షారామము మీదుగా కోటిపల్లి రేవువఱకు 1928లో రైలు వచ్చినది. గోదావరి కావలియొడ్డుననున్న మన పెద్దలు పడవ దాటి ఆ రైలెక్కిరి. పండ్రెండేండ్లు గడచెను. 1940లో, ప్రపంచయుద్ధమునకు ఇనుము కావలెనని, ఆ పట్టాలను ఊడబెఱికి తీసికొనిపోయిరి. మనలను అడిగినవారు లేరు. అడుగవలసిన బాధ్యత వారికిని లేదు, పరప్రభుత్వము గదా! అటుపిమ్మట స్వరాజ్యము వచ్చినది. పోయిన ఆ పట్టాలు మరల పఱచి రైలు నడుపుట 2004లో జరిగెను. మొత్తము అరువదినాలుగేండ్లు. అందు ఏడేండ్లు మాత్రమే పరప్రభుత్వపు లెక్క. తక్కిన యేబదియేడేండ్లు మన లెక్క. ఊడబెఱికినవానిని నిందించుట సులభము. మనవారి నడుగుట కష్టము. అయినను అడుగకతప్పదు.

రైళ్ళకు సొమ్ము పెట్టుటలో ఆ దొరతనమువారి పద్ధతి యెట్టిదో స్మరింపుడు. 1849లో ఇంగ్లండులోని కంపెనీలతో ఒడంబడిక జరిగినప్పుడు, వారి మూలధనమునకు నూటికి అయిదు చొప్పున వడ్డీకి హామీ యిచ్చి, భూమిని ఉచితముగా నిచ్చిరి. రైలుకు లాభము రాకున్న ఆ వడ్డీ యెక్కడనుండి? ఈ దేశపు రైతు కట్టిన శిస్తునుండి. లండనులో వాటా కొన్నవానికి నిద్రాభంగము లేదు, నష్టమంతయు మనది. ధవళేశ్వరము ఆనకట్ట కట్టిన కాటను దొర మాత్రము, రైళ్ళకన్న కాలువలే ఈ దేశమునకు మేలని తన ప్రభుత్వముతోనే జీవితాంతము వాదించెను. మన డెల్టా కాలువలమీద పడవలు నడచిన కాలమును జ్ఞాపకముంచుకొన్న ముదుసలులు ఆయనదే న్యాయమందురు. నేనంతదూరము పోను. కాలువలో పడవ నేడు లేదు, పట్టామీద రైలును లేదు. రెంటికిని చెడినవారము మనమే.

ఇక మన మార్గమునకు వత్తము. అమలాపురము ప్రతినిధియు, లోకసభ స్పీకరునునైన శ్రీ జి.యం.సి. బాలయోగిగారి పట్టుదలచే ఇది 2000-01లో మంజూరైనది. కోటిపల్లినుండి గౌతమిని దాటి, అమలాపురము మీదుగా వైనతేయమును, పిమ్మట వసిష్ఠను దాటి నర్సాపురము చేరవలెను. పొడవు సుమారు 57 కిలోమీటర్లు. అందు మూడు మహానదీపాయలు, మూడు పెద్దవంతెనలు. 2002 మార్చి 3వ తేదిన హెలికాప్టరు ప్రమాదములో బాలయోగిగారు మరణించిరి. అడుగువాడు పోయినపిదప కాగితము బీరువాలో నెంతకాలముండునో కచేరీల సంగతి తెలిసినవారికి వేఱుగ చెప్పనక్కఱలేదు. చాలయేండ్లకుగాని నదులలో స్తంభములు లేవలేదు. ఈలోపల అంచనా పెరిగి పెరిగి రెండువేల కోట్ల రూపాయలు దాటినది. 2025వ సంవత్సరము గడచినను రైలు గౌతమి దాటలేదు.

ఆలస్యమునకు మూలమిది: వ్యయములో నాల్గవవంతు రాష్ట్రప్రభుత్వము భరింపవలెనని నిబంధన. ఈ నిబంధన వలన ఒక మార్గమునకు ఇద్దఱు యజమానులైరి. రాష్ట్రము తన భాగము చెల్లింపలేదని రైలుశాఖ చెప్పును. రైలుశాఖ పని సాగింపలేదని రాష్ట్రము చెప్పును. నీ యెడ్లను ముందు తెమ్మని యొకడు, నీ బండిని ముందు తెమ్మని యొకడు. ధాన్యము కళ్ళములో తడియుచున్నది. విచిత్రమేమన, ఇద్దఱి మాటయు కొంత నిజమే. అందుచేతనే ఎవరిమీదను నేరము నిలువదు. రాష్ట్రములో నొక పార్టీ, ఢిల్లీలో నొక పార్టీ యని ఇందు పక్షము వహింపనవసరము లేదు. ఈ యిరువదియైదేండ్లలో రెండుచోట్లను అన్ని పక్షములవారును అధికారము చేసిరి.

మంజూరు అను మాటకును సొమ్మునకును గల భేదమును మనవారు గమనింపరు. మంజూరనగా పుస్తకములో పేరెక్కుట. రైలుశాఖ ప్రతియేట ప్రచురించు పనులపట్టికకు గులాబిరంగు అట్ట యుండుటచే పింకు బుక్కని వాడుక. అందు దేశములోని కొన్ని మార్గములకు కొన్నియేండ్లు వేయి రూపాయలు మాత్రమే కేటాయించిన సందర్భములు గలవు. వేయి రూపాయలకు ఈ దినమున ఒక బస్తా సిమెంటుతోబాటు దానిని మోయు కూలికూడ సరిగ రాదు! పేరు కొట్టివేసిన ప్రజలు కేకవేయుదురు గనుక పేరునుంచి, ప్రాణము తీసివేయుట.

నా యొద్దకు వచ్చిన యొక రైతు సంగతి చెప్పెదను. పేరు, ఊరు చెప్పను. ఆయనకు ఎకరమున్నర కొబ్బరితోట. రైలుదారి తోట నడుమనుండి పోవునని సర్వేవారు వచ్చి రాళ్ళు పాతిరి. ఆ తోటలోని చెట్లు ముసలివి. తీసివేసి క్రొత్తమొక్కలు వేయవలెను. కొబ్బరిమొక్క కాపునకు వచ్చుటకు ఆరేడేండ్లు పట్టును. "వేయమందురా, బాబూ?" యని నన్నడిగెను. వేసినపిదప భూమి తీసికొన్నచో మొక్క దండుగ. వేయనిచో, రైలు రాకపోయెనేని, తోట దండుగ. ఆలోచించి చూతమంటిని. మూడేండ్ల తరువాత మరల వచ్చెను. ఈసారి కూతురి పెండ్లికి అరయెకరము అమ్మవలెను. రాళ్ళున్న భూమిని కొనువాడు లేడు. ధర సగమైనను లేడు. ఆ తోటలో ఆయన క్రొత్తమొక్క వేయలేదు, పాతచెట్టు కొట్టలేదు, భూమి యమ్మలేదు, పరిహారము పొందలేదు. పెండ్లి వడ్డీ యప్పుతో జరిగినది. ఆ వడ్డీని ఏ పద్దులో వ్రాయుదురు? రెండువేల కోట్ల అంచనాలో అది చేరదు.

భూమి విలువ పెరుగుటచే ఖర్చు పెరిగినదని అధికారులు రైతును తప్పుపట్టుచుందురు. ఇది అన్యాయము. 1894 నాటి చట్టము పోయి 2014 జనవరి 1వ తేది నుండి క్రొత్త భూసేకరణ చట్టము అమలైనది. దాని ప్రకారము విలువకు సమానమైన సొమ్ము అదనముగా నియ్యవలెను. గ్రామసీమలలో విలువను హెచ్చించి లెక్కగట్టుటయు కలదు. 2000-01లోనే భూమి తీసికొని పని ముగించినచో ఖజానాకు ఈ భారము లేకయుండెడిది. ఆలస్యము చేసినవారొకరు, నింద పడునది కొబ్బరిరైతు.

1924 మొదలు రైళ్ళ ఆయవ్యయము సాధారణ ఆయవ్యయమునుండి వేఱుగ నుండెను. ఆక్‌వర్తు సంఘము 1921లో చేసిన సిఫారసు ఫలమది. ప్రతియేట దానికొక ప్రత్యేకదినము. 2017లో దానిని మరల సాధారణ ఆయవ్యయములో గలిపిరి. మంచిదే యని నా యభిప్రాయము. ఆ దినమున చప్పట్లకొఱకు ప్రకటించిన మార్గములే కుప్పలుగా పడినవి. అయితే ఆ దినము పోవుటచే సామాన్యుడు పద్దులు చూచుట మానెను. 2025-26లో ఆంధ్రప్రదేశపు రైలుపనులకు 9,417 కోట్ల రూపాయలని మంత్రిగారు ప్రకటించిరి. 2009-14 నడుమ ఉమ్మడి రాష్ట్రమునకు సగటున ఏటికి 886 కోట్లే. పెరుగుదల నిజమైనది, సంతోషింపవలసినదే. కాని ఆ మొత్తములో జంటదారులు, మూడవదారులు, స్టేషన్ల మరమ్మతులు అన్నియు గలవు. మన వసిష్ఠ వంతెనకెంత? గౌతమి వంతెనకెంత? ఈ ప్రశ్న వేఱుగ నడుగవలెను. మొత్తమును చూపి భాగమును మఱపించుట పద్దు వ్రాయువారికి పాతవిద్య.

ఈ రైలే వద్దనువారును మనలో గలరు. డెల్టాలో ఎత్తయిన కట్ట వేసిన, మురుగు సముద్రమునకు పోవుదారి మూసికొనునని వారి భయము. 1996 నవంబరు తుపాను చూచిన కోనసీమవారి భయమది, త్రోసివేయరాదు. కట్టక్రింద నీటికి చాలినన్ని ఖానాలుంచుమని యడుగవలెను. కాని వానిని ఖర్చు తగ్గించుటకు తగ్గింపరాదు. అందుకును సొమ్మే కావలెను.

మా కోరికలు మూడే. మూడు నదులు దాటుట మన యెంపిక కాదు; వంతెనల భారమును కేంద్రమే పూర్తిగ భరింపవలెను. కట్టకును భూమికిని రాష్ట్రము తన నాల్గవవంతును ఈ యేటి పద్దులోనే ప్రత్యేకముగా చూపి జమకట్టవలెను. ఏ ఖజానా ఎంత, ఏ తేదిన చెల్లించినదో ప్రతి మూడునెలలకు ఈ జిల్లా కచేరి గోడమీద వ్రాయింపవలెను.

వినతిపత్రము రెండు ప్రతులు అధ్యక్షులవారి బల్లమీద నున్నవి. ఒకటి ఢిల్లీకి, ఒకటి విజయవాడకు. సర్వేరాళ్ళు పడిన భూములవారు సంతకముతోబాటు సర్వేనెంబరును, రాయి పాతిన సంవత్సరమును వ్రాయుడు. సంవత్సరము మఱవకుడు. సంతకము రానివారికి వ్రాసిపెట్టుటకు మా వాలంటీర్లు ద్వారమువద్ద నున్నారు.