మెడలోని గ్రంథి, వంటింట్లోని ఉప్పు



అంబాజీపేటలో కొబ్బరి ధర ఎవరినడిగినా చెబుతారు. గొంతుముడికి దిగువన ఉండే థైరాయిడ్ మాత్రం జబ్బు చేస్తేనే గుర్తొస్తుంది. ఇవాళ దాని గురించే చెబుతాను.

థైరాయిడ్ లాంటి వినాళ గ్రంథులకు గొట్టాలుండవు. హార్మోన్లను నేరుగా రక్తంలోకి వదులుతాయి. మెదడు అడుగునున్న పిట్యూటరీ గ్రంథి టీఎస్‌హెచ్ అనే హార్మోన్ పంపి థైరాయిడ్‌కు పని పురమాయిస్తుంది. రక్తంలో థైరాయిడ్ హార్మోన్ సరిపడా చేరితే, కాలవలో నీరు చాలాక లాకు తలుపు దించినట్టు, టీఎస్‌హెచ్ తగ్గిస్తుంది. థైరాయిడ్ హార్మోన్ తయారవ్వాలంటే అయోడిన్ కావాలి. అది అందకపోతే పిట్యూటరీ పురమాయిస్తూనే ఉంటుంది, గ్రంథి ఉబ్బి గాయిటర్ అవుతుంది. కడుపులో బిడ్డకైతే దెబ్బ మెదడుకే తగులుతుంది.

1921లో శ్రీకాకుళంలో పుట్టి, విశాఖ ఆంధ్ర వైద్య కళాశాలలో చదివిన వులిమిరి రామలింగస్వామి గారు 1956లో ఈ గాయిటర్ మీద అధ్యయనానికి హిమాలయాల దిగువన కాంగ్రా లోయకు వెళ్లారు. ఆయన బృందం ఆ ప్రాంతాన్ని మూడు భాగాలు చేసి, రెండింటికి అయోడిన్ కలిపిన ఉప్పు, ఒకదానికి మామూలు ఉప్పు అందేలా చూసింది. కొన్నేళ్లకు ఆ రెండు చోట్లా బడిపిల్లల్లో గాయిటర్ బాగా తగ్గింది. మూడో చోట అలా తగ్గలేదు. 1962లో జాతీయ గాయిటర్ నియంత్రణ కార్యక్రమం వచ్చింది. అయోడిన్ ఉప్పు లోకానికి కొత్త కాదు, స్విట్జర్లాండ్ 1922లోనే మొదలుపెట్టింది. తెలిసిన విషయాన్నే పేదవాడి వంటింటిదాకా తెచ్చి, పనిచేస్తుందని లెక్కతో నిరూపించారాయన. చదువుకు అంతకన్నా మంచి వినియోగం నాకు తోచదు.

పెద్దవాళ్లకు రోజుకు కావలసిన అయోడిన్ 150 మైక్రోగ్రాములు. డెబ్బై ఏళ్లకు కలిపినా 4 గ్రాములు దాటదు!

సముద్రం పక్కనే ఉన్నాం కదా, మనకెందుకని అనుకోకండి. అయోడిన్ ఉప్పే కొనండి, డబ్బా మూత గట్టిగా పెట్టండి. ఇంట్లో గర్భిణి ఉంటే టీఎస్‌హెచ్ పరీక్ష గురించి డాక్టరుగారిని అడగండి. పుట్టిన బిడ్డ మడమ నుంచి రక్తపు చుక్క తీసి చేసే థైరాయిడ్ పరీక్ష కూడా ఉంది. లోపం తేలి, మొదటి రెండు వారాల్లో మాత్ర మొదలైతే, ఆ బిడ్డ చాలావరకు అందరిలాగే ఎదిగి చదువుకుంటుంది. మీ వీధిలో పుట్టే ఏ బిడ్డకూ ఆ పరీక్ష తప్పిపోకుండా చూడండి.