జింకల బెడద: ఒకప్పుడు వేటకు పోయినవాడి నాలుగు మాటలు

(మండల రైతు సంఘం సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

శనగ చేల కాపలా ఇంట్లో ఆడవాళ్లకు అప్పజెప్పి వచ్చిన రైతు సోదరులకు, కాపలా మొగుళ్లకు అప్పజెప్పి వచ్చిన అక్కచెల్లెళ్లకు నమస్కారం.

జింకల మీద మాట్లాడమని నాయకులు నాకే ఎందుకు చెప్పారో మీలో సగం మందికి తెలుసు. మా ఇంట్లో మూడు తరాలు వేటకు పోయినవాళ్లం. మా జేజినాయన పోయాడు, మా నాయన పోయాడు, మీసాలు రాని వయసులో నేనూ పోయాను. వేట నిషేధం చట్టం 1972లోనే వచ్చింది గానీ మా ఊరికి అది చేరేసరికి చాలా ఏళ్లు పట్టింది. పదో తరగతి పాసైన ఏడాది మా వీధిలోనే ఒకాయన మీద కేసు పడింది. కోర్టు చుట్టూ తిరిగి కాడెద్దులు అమ్ముకున్నాడు. అది చూసి మానేశాను. ధర్మం తెలిసి మానలేదు, భయమేసి మానేశాను. గొప్ప చెప్పుకోవడానికి ఏమీ లేదు.

అయితే ఆ నాలుగేళ్లలో నేర్చుకున్నది ఇప్పుడు మనకు పనికొస్తుందని నాకు అనిపిస్తోంది. అందుకే నిలబడ్డాను.

మా జేజినాయన తుపాకి ముట్టడానికి ముందు నన్ను ఏడాది పాటు ఉత్త చేతులతో తిప్పాడు. ఎక్కడ మేస్తుంది, ఎక్కడ పడుకుంటుంది, ఏ దోవన వస్తుంది, ఏ దోవన పారిపోతుంది అని అడిగేవాడు. కృష్ణ జింకకు కన్నే కవచం. అది అడవి జంతువు కాదు, బీటి జంతువు. నాలుగు దిక్కులా కనబడితేనే దానికి ధైర్యం. పొద కనబడితే దానిలో తోడేలు ఉందేమోనని అనుమానం. అందుకే మోకాలెత్తు శనగ, మొలకెత్తిన జొన్న, లేత బుడ్డల చేను దానికి ఇష్టం. జొన్న నడుమెత్తు దాటితే లోపలికి దిగడానికి వెనకాడుతుంది. దుప్పి అట్లా కాదు, దానికి చెట్టు నీడ కావాలి. అడవిపందికి పొద కావాలి. మూడింటినీ కలిపి జింకల బెడద, పందుల బెడద అని ఒకే అర్జీలో రాస్తున్నాం. ఆఫీసులో వాళ్లు దాన్ని అదే మోస్తరుగా చూస్తున్నారు.

నల్లగా నిగనిగలాడే ఇర్రిపోతు ఉంది చూశారూ, మెలికల కొమ్ములది. వేటగాళ్లందరి కన్నూ దాని మీదే. పెంపుడు పోతుకు కొమ్ముల మీద ఉచ్చులు కట్టి దీమంగా వదిలేవాళ్లు. మందలో ఉన్న పోతు దాని మీదికి పోట్లాటకొచ్చి చిక్కుకునేది. ఇట్లా ఎన్ని పోతుల్ని కొట్టినా మంద తగ్గిందా? తగ్గలేదు. ఒక్క పోతు పది లేళ్లకు చాలు. కొట్టిన పోతు స్థానంలోకి, అప్పటిదాకా లేళ్ల మాదిరే గోధుమ రంగులో ఉన్న కుర్ర పోతు వస్తుంది, రెండేళ్లలో నల్లబడుతుంది. లేడి ఆరు నెలలకు ఈనుతుంది, ఈతకు ఒక్క పిల్ల. మేతా నీళ్లూ బాగుంటే రెండేళ్లకు మూడు ఈతలు. ఇది మన గొర్రెల కాపరికి చెబితే వెంటనే లెక్క అర్థమవుతుంది, చదువుకున్నవాళ్లకే ఆలస్యమవుతుంది.

మరి అప్పట్లో మందను అదుపులో పెట్టింది ఎవరు? మేము అనుకున్నట్టు మేము కాదు. తోడేళ్లు. గడ్డిలో దాచిపెట్టిన పిల్లల్ని తోడేలు వెతుక్కుని తినేది. గొర్రెల్ని ఎత్తుకుపోతున్నాయని తోడేళ్లకు విషం పెట్టాం, బొరియల్లో పొగ పెట్టాం. కాపరికి ఇంకో దారి చూపినవాడు లేడు కాబట్టి తప్పని నేను అనను. కానీ ఆ లెక్క ఇప్పుడు మన శనగ చేలో కడుతున్నాం.

ఇక రోళ్లపాడు సంగతి. మిడ్తూరు మండలంలో ఉంది, మనలో చాలామందికి చుట్టరికాలున్న ఊరు. అక్కడ బట్టమేక పిట్ట కోసం 1988లో అభయారణ్యం పెట్టారు. ఆరు చదరపు కిలోమీటర్ల చిల్లర, అంతే. గడ్డి కాపాడారు, వేట ఆపారు. గడ్డి బాగా పెరిగింది. జింకలు పదుల్లో ఉన్నవి వందలయ్యాయి. మంచిదే. కానీ జింకకు కంచె లోపల కడుపు నిండదు, బయట లేత చేను ఉంటే లోపలి ముదురు గడ్డి ఎందుకు తింటుంది? చుట్టూ రైతుల పంట పోయింది. అప్పటికే కాలువలొచ్చాయి, అలగనూరు జలాశయం వచ్చింది, చుట్టుపక్కల బీళ్లు సాగులోకి వచ్చాయి. పంట పోయిన రైతుకు చేతికి వచ్చింది నామమాత్రం. వాడికి జింక మీద కోపం, జింకను పెంచిన అభయారణ్యం మీద కోపం, చివరికి ఏ పాపం ఎరగని బట్టమేక మీద కూడా కోపం. ఇప్పుడు పోయి చూడండి. జింకలున్నాయి, నష్టం ఉంది, బట్టమేక లేదు. పిట్టకు ఆరు చదరపు కిలోమీటర్లు సరిపోదు, అది చుట్టూ మన చేలల్లో, మన బీళ్లల్లో బతికిన పిట్ట. మనల్ని పక్కన పెట్టి దాన్ని కాపాడబోయారు. రైతుకు ముందుగా నష్టం కట్టించి ఉంటే పిట్ట దక్కేదని నేను గట్టిగా చెప్పలేను గానీ, రైతు దాని పక్కన నిలబడేవాడని చెప్పగలను.

మన ఊళ్ల బీళ్ల సంగతి చూడండి. నేను పశువుల్ని తోలిన రోజుల్లో మా ఊరి బీటిలో పొద్దున దిగితే మధ్యాహ్నానికి గానీ పశువు అవతలి గట్టు చేరేది కాదు. ఇప్పుడు అందులో కొంత పట్టాలైంది, కొంత ఆక్రమణ, కొంత గుట్ట మట్టి కోసం తవ్విన గుంతలు. మిగిలింది సర్కారు తుమ్మ. మనం కంపచెట్టు అంటామే, అది. కంప కమ్ముకున్న చోట గడ్డి మొలవదు, చూపు ఆడదు, కృష్ణ జింక నిలవదు. కాయలు మాత్రం తింటుంది, తిని గింజల్ని ఇంకోచోట వేసి వస్తుంది. పందికి మాత్రం ఆ కంపే కోట. అంటే మనం జింక ఇల్లు పడగొట్టి పందికి ఇల్లు కట్టించాం, ఇప్పుడు రెండూ మన చేలో ఉన్నాయి.

కాల్చడానికి పర్మిషన్ అడుగుదాం అని పోయిన సమావేశంలో కొందరు మిత్రులు అన్నారు. వాళ్ల కడుపు మంట నాకు తెలుసు. కానీ చట్టం ఏముందో తెలుసుకుని అడగాలి. అడవిపంది రెండో షెడ్యూలులో ఉంది, పంటకు నష్టం చేస్తోందని చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ రాతపూర్వకంగా అనుమతి ఇవ్వొచ్చు. దానికోసం కొట్లాడదాం, నేనూ వస్తాను. కృష్ణ జింక మొదటి షెడ్యూలు. మన రాష్ట్ర జంతువు కూడా. పంట తిన్నదని దాన్ని కాల్చడానికి అనుమతి ఇచ్చే వీలు ఆ చట్టంలో లేదు. చంపితే మూడేళ్లకు తక్కువ కాకుండా ఏడేళ్ల దాకా జైలు, 25 వేలకు తక్కువ కాకుండా జరిమానా. దొరకని దాన్ని అడిగి పదేళ్లు పోగొట్టుకుంటే, దొరికేది కూడా చేజారుతుంది.

ఇప్పుడు చెప్పడానికి నాకే కష్టంగా ఉన్న విషయం.

మూడేళ్ల కింద మా పక్క ఊళ్లో ఒక కౌలు రైతు తెల్లవారుజామున మోటారు వేయడానికి పోయి తీగ తగిలి చనిపోయాడు. పందుల కోసం, జింకల కోసం పక్క చేను రైతు లైను నుంచి నేరుగా కరెంటు లాగిన తీగ. చనిపోయిన వాడూ, తీగ వేసిన వాడూ ఇద్దరూ మన సంఘం రసీదు తీసుకున్న వాళ్లే. ఒక ఇంట్లో ఇద్దరు చిన్న పిల్లలు, ఇంకో ఇంట్లో మనిషి జైల్లో. ఆ తీగకు కర్రలు పాతుతున్న రోజు నేను ఆ దోవనే పోయాను. బండి ఆపి, జాగ్రత్తరా అబ్బీ అన్నాను. తీసెయ్ అనలేదు. వేటలో ఉచ్చు పెట్టినవాణ్ణి కదా, ఉచ్చుకు మనిషీ జంతువూ తేడా తెలియదని నాకు తెలియక కాదు. పక్కవాడి చేనులో మనకెందుకని పోయాను.

సోలార్ కంచె వేరు, ఈ తీగ వేరు. సోలార్ కంచెలో యంత్రం సెకనుకొకసారి చిన్న దెబ్బ కొట్టి వదిలేస్తుంది. జంతువు బెదిరి వెనక్కి పోతుంది. లైను కరెంటు వదలదు, పట్టుకుంటుంది. సబ్సిడీ మీద సోలార్ కంచె కావాలని అడిగే హక్కు మనకుంది. తీగ లాగేవాణ్ణి వెనకేసుకొచ్చే హక్కు ఈ సంఘానికి లేదు.

తీగ వల్ల ఇంకో నష్టం కూడా జరుగుతోంది, దాన్ని మనం గమనించడం లేదు. తీగకు జింక పడితే రాత్రికి రాత్రే పూడ్చేస్తాం. పూడ్చినవాడు పంట నష్టం అయిందని ఆఫీసుకు పోతాడా? పోడు. పోతే చేను చూడటానికొస్తారు. తీగ వేయని పక్కవాడూ పోడు, పక్కవాడి గుట్టు బయటపడుతుందని. చివరికి రికార్డులో మన మండలంలో జింకల నష్టం సున్నా. కేంద్ర ప్రభుత్వం 2025 నవంబరులో ఒక మాట చెప్పింది. అడవి జంతువుల వల్ల పంట పోతే దాన్ని కూడా ఫసల్ బీమాలో అదనపు రక్షణగా 2026 ఖరీఫ్ నుంచి చేరుస్తామని. ఏ జంతువులు, ఏ జిల్లాలు, ఏ ప్రాంతాలు అనేది రాష్ట్రం నోటిఫై చేయాలి, అది కూడా పాత నష్టాల లెక్క చూసి. మన లెక్క భూమిలో పూడ్చి ఉంది. నేను అనేది అర్థమైందనుకుంటాను.

కాబట్టి ఈ రబీలో జరిగే ప్రతి నష్టమూ కాగితం మీదికి ఎక్కాలి. కొత్త బీమాలో 72 గంటల్లోపు యాప్‌లో ఫొటోలు పెట్టాలంటున్నారు. ఇప్పటి నుంచే ఆ అలవాటు చేసుకోవాలి. ఇక్కడే నా పాత విద్య పనికొస్తుంది. చేను చూడటానికొచ్చినాయన అనే మొదటి మాట ఏంటి? ఇది కుందేలు మేసింది, లేకపోతే మీ మేకలే మేశాయి. మీరు మొక్క తెంపి చూపించండి. కుందేలు కొరికితే కత్తితో ఏటవాలుగా కోసినట్టు ఉంటుంది. జింకకు ముందు పై పళ్లు లేవు, పట్టి లాగుతుంది, కొస చింపినట్టు పీచు పీచుగా ఉంటుంది. మేకకూ పై పళ్లు లేవు, నిజమే, అప్పుడు అడుగు చూడండి. మేక డెక్క కొస మొద్దుగా ఉంటుంది. జింక డెక్క సన్నగా, ముందుకు కోసుగా ఉంటుంది. పోతు రోజూ ఒకే చోట పెంటికలు వేస్తుంది, కుప్పగా. ఆ కుప్ప మీ చేలోనో గట్టు మీదో ఉంటే అది నిన్నా ఇవాళా దోవ తప్పి వచ్చింది కాదు, మీ చేను దాని కాపురం. పంది అయితే మూతితో మట్టి తిరగేస్తుంది. దానికి వేరే అర్జీ.

కౌలు రైతుల మాట వేరుగా చెప్పాలి. రాత్రి కాపలా పడుకునేది వాళ్లు, తీగ మీద పడేది వాళ్లు, పరిహారం మాత్రం పట్టాదారు ఖాతాలోకి పోతుంది. సాగు హక్కు కార్డుకు యజమాని సంతకం కావాలి, ఆయన పెట్టడు. కార్డు లేకపోయినా సాగు చేసింది ఎవరో పంచనామాలో రాయాలని, పరిహారం వాళ్లకే ఇవ్వాలని మన అర్జీలో మొదటి వాక్యంగా ఉండాలి. ఈ గదిలో పట్టాదారులూ ఉన్నారు. సంతకం పెట్టండి అన్నలారా, భూమి ఎక్కడికీ పోదు.

బీళ్ల గురించి నాయకులతో మాట్లాడాను. ఉపాధి పనుల్లో కంప వేర్లతో సహా తీయించి, గడ్డి పట్టేదాకా ఆ భూమిని మళ్లీ ఎవరికీ కట్టబెట్టకూడదని అడుగుదాం అన్నారు. కంప నరికి వదిలేస్తే రెండింతలు మొలుస్తుంది, అది మాత్రం రాయడం మరిచిపోవద్దు. గడ్డి వస్తే జింక మొత్తం అక్కడే ఉంటుందని నేను మాటివ్వను, రోళ్లపాడు చూశాక ఇవ్వలేను. మన పశువులకు మాత్రం మేత దొరుకుతుంది. జింకకూ మన చేనుకూ మధ్య కాస్త ఎడం ఉంటుంది.

అర్జీ నకళ్లు బయట బల్ల మీద పెట్టాం. సర్వే నంబరు, పంట, సాగు చేసిన మనిషి పేరు, నష్టం చూసిన తేదీ రాసి, ఆదివారం లోపల ఊరి కమిటీకి ఇవ్వండి. ఫొటో తీసేటప్పుడు డెక్క గుర్తు పక్కన అగ్గిపెట్టె పెట్టండి, సైజు తెలుస్తుంది. ఎండ నెత్తి మీదికి రాకముందే తీయండి, పొద్దున ఏటవాలు వెలుగులో అడుగు బాగా కనబడుతుంది. అనుమానం ఉంటే నాకు కబురు చేయండి, చేలోకి నేనే వస్తాను.