రవ్వల దుద్దులు కొనబోయే ముందు
(వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



వజ్రాలతో పింఛనుదారులకేం పని అని కొందరు నవ్వుకుంటూ ఉండవచ్చు. గ్రాట్యుటీ సొమ్ము చాలావరకు వెళ్ళేది పిల్లల పెళ్ళి నగలకే కదా! కిందటేడు మా మనుమరాలి పెళ్ళికి ఏడురాళ్ళ దుద్దుల కోసం నాలుగు దుకాణాలు తిరిగాను. అక్కడ తెలుసుకున్నవే మనవి చేస్తాను.

వజ్రాల తూకంలో క్యారెట్ అంటే 200 మిల్లీగ్రాములు. అందులో నూరో వంతు సెంటు. బంగారానికి చెప్పే 22 క్యారెట్లకూ దీనికీ సంబంధం లేదు. ఒక దుకాణంలో "మొత్తం ఒక క్యారెట్ వజ్రాలండీ" అన్నారు. లెక్కపెడితే జతకు 14 రాళ్ళు! ఒక్కటే క్యారెట్ తూగే రాయికీ, 14 చిన్న రవ్వలకూ ధరలో హస్తిమశకాంతరం. కనుక రాళ్ళెన్ని, ఒక్కొక్కటి ఎన్ని సెంట్లు అని అడగాలి. రాళ్ళ బరువు తీసివేశాకే బంగారానికి ధర కట్టించుకోవాలి. నగ 10 గ్రాములుండి, అందులో క్యారెట్ రాళ్ళుంటే బంగారం 9.8 గ్రాములే.

రంగును ఇంగ్లీషు అక్షరాలతో చెబుతారు. డి అంటే ఏ రంగూ లేనిది. జడ్ వైపు పోయేకొద్దీ పసుపు ఛాయ. మన పెద్దలు కాకిపాదం, చుక్క, గీత అన్న దోషాలనే ఇప్పుడు పది రెట్లు చూపే భూతద్దంతో పరీక్షించి వి.వి.ఎస్., వి.ఎస్., ఎస్.ఐ. అని తరగతులు కడుతున్నారు. ఇంత చిన్న రాళ్ళలో మొదటి రెండింటి తేడా మామూలు కంటికి ఆనదు. నా మట్టుకు నేను దానికి డబ్బు పెట్టను. తళుకు వచ్చేది సానపట్టడంలో. అక్కడ లోటుంటే ఎంత శుభ్రమైన రాయైనా గాజుపెంకులా ఉంటుంది. దుద్దులకు వెనుక మూసి కట్టే అలవాటుంది గనుక, పొదగక ముందే పగటి వెలుతురులో చూడమంటాను.

ఇప్పటి అసలు చిక్కు ప్రయోగశాలలో తయారయ్యే వజ్రాలతో. అవి నకిలీవి కావు, అవీ వజ్రాలే. దుకాణంలో సూది ఆనించి చూసే మామూలు యంత్రం వాటినీ వజ్రమనే చెబుతుంది, భూతద్దానికీ చిక్కవు. ధర మాత్రం గని వజ్రం కంటే చాలా తక్కువ. ఈ కొద్ది సంవత్సరాలలో ఇంకా పడిపోయింది. తెలిసి కొనుక్కుంటే తప్పులేదు. గని వజ్రం ధర ఇచ్చి అది తెచ్చుకుంటేనే నష్టం. మూడో దుకాణంలో "సహజ వజ్రం అని బిల్లు మీద రాయండి" అన్నాను. నోటితో ఎన్నిసార్లయినా అన్నారు గాని రాయడానికి ఒప్పుకోలేదు. మా ఆవిడ లేచి చెప్పులేసుకుంది. నాలుగో చోట రాసి, బయటి ప్రయోగశాల ధ్రువపత్రం కూడా ఇచ్చారు.

హాల్‌మార్క్ ఉందిగా అంటారు. 2021 జూన్ నుంచి దశలవారీగా తప్పనిసరి చేసిన ఆ ముద్ర బంగారం స్వచ్ఛతకే. రాయికి పూచీ కాదు. తిరిగి అమ్మితే ఎంత శాతం ఇస్తారో అదీ బిల్లు మీదే రాయించండి.

మా బిల్లు, ధ్రువపత్రం జిరాక్సులు తెచ్చాను. భోజన విరామంలో చూడదలచిన వారు చూడవచ్చు.