ఘాటీ దారికి టైరు ఎన్నిక

నర్సీపట్నము మైదానమునకును మన్యమునకును నడుమనున్న గడప. ఇక్కడ నుండి బయలుదేరిన వాహనము సుమారు 30 కిలోమీటర్లు పోయేసరికి, సముద్రమట్టమునకు దాదాపు 1,000 మీటర్ల ఎత్తున ఉన్న లంబసింగిని చేరుతుంది. ఆ పైన చింతపల్లి, గూడెం కొత్తవీధి, సీలేరు. ఈ దారి ఊరకే ఏర్పడినది కాదు. లంబసింగి రోడ్డు పనికి మన్యపు ప్రజలను వెట్టికి తోలి, కూలి సరిగా ఇవ్వక బాస్టియన్ అనే గూడెం తాసీల్దారు పెట్టిన బాధలు 1922 నాటి అల్లూరి సీతారామరాజు తిరుగుబాటుకు ఒక కారణమైనవి. ఆ యేడు ఆగస్టు 22న చింతపల్లి పోలీసు ఠాణాపై తొలి దాడి జరిగినది. నేడు అదే దారిలో కాఫీ, పసుపు దిగుతున్నవి. పుష్యమాసపు మంచు చూడవచ్చే యాత్రికులు తెల్లవారుజామున ఎక్కుతున్నారు. ఎక్కేవారి ప్రాణము, దిగేవారి ప్రాణము కూడ నేలను తాకే నాలుగు రబ్బరు ముక్కలపై ఆధారపడి ఉన్నది. ఒక్కొక్క చక్రము నేలను తాకే చోటు మన అరచేతికంటె ఎంతో పెద్దది కాదు.

టైర్ల దుకాణములో అడుగుపెట్టినవాడు మొదట వేసే ప్రశ్న ఒక్కటే: ఏ కంపెనీది మంచిది? ఎమ్మారెఫ్ వారిదా, అపోలో వారిదా, సియట్, జేకే, బ్రిడ్జిస్టోన్, మిషెలిన్ వారిదా? పేర్ల వెనుక కథలు ముచ్చటైనవే. ఎమ్మారెఫ్ 1946లో మదరాసులో ఆటబుడగలు చేసే చిన్న పరిశ్రమగా పుట్టినది. సియట్ 1924లో ఇటలీలోని ట్యూరిన్‌లో పుట్టినది. బ్రిడ్జిస్టోన్ స్థాపకుని ఇంటిపేరు ఇషిబాషి. జపాను భాషలో ఆ మాటకు రాతివంతెన అని అర్థము, దానినే తిరగవేసి ఇంగ్లీషు చేసినారు. మన అనకాపల్లి జిల్లా అచ్యుతాపురములోనే యొకోహామా వారి కర్మాగారము 2022 ఆగస్టులో ప్రారంభమైనది. కాని అది ట్రాక్టర్లకు, గనుల యంత్రములకు, అటువంటి బండ్లకు టైర్లు చేసేది. మన జిల్లా సరుకే కదా అని కారుకు తొడుగుదామంటే కుదరదు!

కంపెనీని అడుగుట కంటె రకమును అడుగుట మేలని మా అభిప్రాయము. ఒకే కంపెనీ మెత్తని రబ్బరుతో ఒక రకమును, గట్టి రబ్బరుతో ఇంకొక రకమును చేస్తుంది. మెత్తనిది తడి రోడ్డును బాగా పట్టుకొంటుంది, త్వరగా అరుగుతుంది. గట్టిది ఏళ్ళ తరబడి వస్తుంది, వానలో జారుతుంది. పట్టు, మన్నిక, ఇంధనపు పొదుపు అనే మూడును ఒక్కచోట కూర్చుట టైరు చేసేవారికి చిరకాలముగా చిక్కు. రబ్బరులో కర్బనపు మసికి బదులు సిలికా కలుపుట 1990 తరువాత వ్యాప్తికి వచ్చి ఆ చిక్కును కొంత సడలించినది, పూర్తిగా తీర్చలేదు. కనుక “లక్ష కిలోమీటర్లు వస్తుంది” అని అమ్మేవాడు గొప్పగా చెప్పినపుడు, ఘాటీ ఎక్కేవాడు సంతోషించుటకు ముందు తడిలో దాని సంగతేమని అడుగవలెను.

కొన్ని కారు టైర్ల పక్కగోడపై ట్రెడ్‌వేర్ అని ఒక అంకె, ట్రాక్షన్ అని ఏఏ, ఏ, బి, సి అక్షరములలో ఒకటి కనిపిస్తవి. ఇవి అమెరికా పద్ధతి గుర్తులు. అంకె పెద్దదైనకొలది మన్నిక ఎక్కువ. అయితే ఆ అంకెను ఎవరి కంపెనీ టైరుకు వారే వేసికొంటారు గనుక, ఒక కంపెనీ 400ను ఇంకొక కంపెనీ 400తో సరిపోల్చుట నిష్ఫలము. అక్షరము తడి రోడ్డుపై బ్రేకు పట్టును చెబుతుంది, అదియు తిన్నని దారిలోనే. మలుపును గురించి అది ఏమియు చెప్పదు. మన ఘాటీలో మలుపులే ఎక్కువ. పక్కగోడపైననే నాలుగు అంకెల తయారీ తేదీ ఉంటుంది. 2324 అని ఉంటే 2024వ సంవత్సరము 23వ వారములో చేసినదని అర్థము. తగ్గింపు ధర అనగానే ఆ అంకెలు చూడకుండ డబ్బు ఇవ్వరాదు. రబ్బరు వాడకపోయినను ముదురుతుంది.

ఇక చలి మాట. లంబసింగిని కొర్రబయలు అనికూడ అంటారు. బయట పడుకొన్నవాడు తెల్లవారేసరికి కొర్రువలె బిగుసుకొంటాడట. శీతాకాలములో అక్కడ ఉష్ణోగ్రత సున్న దరిదాపులకు దిగిన రోజులున్నవి. అంత మాత్రమున ఐరోపాలో వాడే చలికాలపు టైర్లు మనకు కావలెనా? అక్కరలేదు. ఆ టైర్ల రబ్బరు 7 డిగ్రీలకు దిగువన కూడ మెత్తగా ఉండేటట్లు చేసినది. మన పగటి ఎండలో, నర్సీపట్నపు తారురోడ్డుపై అది వట్టిగా అరిగిపోతుంది. మన చలి కొన్ని గంటలది. మనకు శత్రువు మంచుగడ్డ కాదు, పొగమంచు తడి, దానిపై ఎర్రమట్టి జిగురు. ఆ నీటిని బయటికి తోయవలసినవి టైరు గాళ్ళు. కారు టైరు గాడి లోతు 1.6 మిల్లీమీటర్లకు తగ్గితే చట్టము ఒప్పదు. గాడి అడుగున ఉన్న చిన్న మిట్టలు పైతలముతో సమమైనపుడు ఆ హద్దు వచ్చినట్లు. ఘాటీకి మాత్రము 3 మిల్లీమీటర్ల వద్దనే మార్చుట మంచిది. అయిదుగురు ఎక్కవలసిన జీపులో పదిహేనుమందిని ఎక్కించి, బోడి టైర్లతో సంతకు పోవుట ఏ కంపెనీ టైరుకైనను సాధ్యము కాని పరీక్ష.

గాలి విషయములో ఒక చిన్న లెక్క ఉన్నది. కింద 30 డిగ్రీల వేడిలో 33 పౌండ్లు నింపిన టైరు, లంబసింగిలో రాత్రి నిలిపినపుడు 5 డిగ్రీల చలికి సుమారు 4 పౌండ్లు తగ్గుతుంది. ఎత్తున బయటి గాలి పలుచన గనుక గేజి ఒకటిన్నర పౌండ్లు ఎక్కువ చూపుతుంది. నికరమైన లోటు రెండున్నర పౌండ్లు. తెల్లవారి టైరు చల్లగా ఉన్నపుడే గేజి పెట్టి చూచుకొనవలెను.

రెండు టైర్లే కొనగలిగినవారు కొత్తవి ముందుకు వేయించుకొనుట మన వాడుక. కారుకు అవి వెనుకకు వేయవలెనని టైరు కంపెనీలే చెబుతున్నవి. తడి మలుపులో ముందు చక్రము జారితే వేగము తగ్గించి సరిదిద్దవచ్చును. వెనుకవి జారితే బండి గిరగిర తిరుగుతుంది. బస్సుల లెక్క వేరు. వాటికి వెనుక జంట టైర్లుంటవి, ఒకటి పోయినా రెండవది మోస్తుంది. అందుచేత కొత్తవి ముందు ఉంచి, రీట్రేడింగ్ చేసినవి వెనుకకు వేస్తారు. బాగుగా చేసిన రీట్రేడింగ్‌ను తక్కువగా చూడ పనిలేదు.

చివరగా స్టెప్నీ. వేల్స్‌లోని లానెల్లీ పట్టణములో స్టెప్నీ వీధిలో 1904లో అమ్మిన అదనపు చక్రము వలన ఆ పేరు వచ్చినది. పేరు ఇంతకాలము నిలిచినది కాని, మన డిక్కీలో ఉన్నదానిలో గాలి నిలిచినదో లేదో నర్సీపట్నములోనే చూచుకొని పోవలెను. ఘాటీ మధ్యలో పంక్చరు దుకాణము దొరకదు.